రైఫిల్ తన్నుతోందని మజిల్ బ్రేక్ కొనే ముందు

అమెరికా వచ్చి రెండేళ్లయిందట, స్నేహితులతో జింకల వేటకి వెళ్తున్నారట, కొత్తగా కొన్న .300 విన్ మ్యాగ్ రైఫిల్ (పెద్ద తూటా కాల్చేది) భుజం విరగ్గొడుతోంది, ఏ మజిల్ బ్రేక్ (తన్ను తగ్గించడానికి బారెల్ మూతికి బిగించే భాగం) మంచిది అని ఒకరు అడిగారు. బ్రేక్ సంగతి తర్వాత, ముందు వీసా సంగతి చూసుకోండి. హెచ్1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. ఇక్కడి రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ చెల్లుబాటులో ఉంటే మినహాయింపు ఉంది, గడువు దాటితే ఆ మినహాయింపూ పోతుంది.

నేనూ అదే రైఫిల్‌తో మొదలుపెట్టాను, పెద్దది కొంటే అన్నిటికీ పనికొస్తుందని తోటి ఉద్యోగి చెబితే. పదో తూటాకే ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకుపోయేవి. బ్రేక్ బిగించాక భుజం నొప్పి నిజంగానే తగ్గింది, కానీ ఆ తర్వాత చెవుల వంతు వచ్చింది.

ఎందుకంటే అది పనిచేసే తీరే అంత. బుల్లెట్ వెనకాలే మందు కాలిన వాయువు బారెల్ మూతి నుంచి దూసుకొస్తుంది. బ్రేక్‌లో ఉన్న అడ్డుగోడలకి కొట్టుకుని పక్కలకి, కొంచెం వెనక్కి మళ్లుతుంది, ఆ తోపుకి రైఫిల్ ముందుకి లాగినట్టయి తన్ను తగ్గుతుంది. కాబట్టి మందు ఎక్కువ పట్టే తూటాకే దీనితో ఎక్కువ లాభం. దానికంటే చిన్నదైన .308 తూటాలో దాదాపు 45 గ్రెయిన్ల (మందు తూచే కొలత) మందు పడితే మీ .300లో 70 దాకా పడుతుంది, మంచి బ్రేక్ పెడితే మూడో వంతు నుంచి సగం దాకా తన్ను తగ్గొచ్చు. ఇంకా చిన్నదైన .243కి మాత్రం దండగ.

చప్పుడూ ఆ వాయువుతోపాటే మీ మొహం వైపు వస్తుంది. బ్రేక్ లేకుండానే రైఫిల్ చప్పుడు 160 డెసిబెల్స్ ప్రాంతంలో ఉంటుంది, 140 దాటితే ఒక్క దెబ్బకే చెవి దెబ్బతినొచ్చు. చెవిలో ఫోమ్ ప్లగ్గులు, పైన ఇయర్ మఫ్‌లు, రెండూ పెట్టుకోవాల్సిందే. వేటలో జింక కనబడ్డ కంగారులో ఎవరికి గుర్తుంటుంది చెప్పండి? పక్కన నిలబడ్డ గైడ్ పరిస్థితి ఇంకా ఘోరం, అందుకే కొందరు గైడ్లు బ్రేక్ తీసేస్తేనే రమ్మంటారు.

అయినా కావాలంటే విప్పి పెట్టుకునే రకమే తీసుకోండి. చుట్టూ రంధ్రాలున్న దాన్ని నేల మీద పడుకుని కాలిస్తే దుమ్మంతా కళ్లలోకే, పక్కలకే రంధ్రాలున్నది ఆ విషయంలో మేలు. ఇక్కడ .30 క్యాలిబర్ బారెళ్లకి ఎక్కువగా 5/8x24 మర (5/8 అంగుళం వ్యాసం, అంగుళానికి 24 చుట్లు) ఉంటుంది, యూరప్ రైఫిళ్లకి మిల్లీమీటర్ల మరలు ఉంటాయి, కొలిచి కొనండి. బ్రేక్‌లో బుల్లెట్ బయటికి వెళ్లే రంధ్రం బుల్లెట్ కంటే కాస్త పెద్దదిగా ఉండాలి, చిన్న క్యాలిబర్ బ్రేక్ పెద్ద దానికి బిగిస్తే ప్రమాదం. మీ బారెల్‌కి మర లేకపోతే గన్‌స్మిత్ దగ్గర వేయించండి, ఇంట్లో ప్రయోగాలొద్దు. బ్రేక్ పెట్టినా తీసినా గురి మారొచ్చు, కాల్పుల సాధన చేసే రేంజ్‌లో మళ్లీ సరిచూసుకోవాలి.

నన్నడిగితే ముందు భుజానికి ఆనే బట్‌కి మెత్తటి రీకాయిల్ ప్యాడ్ వేయించి, స్టాక్ (రైఫిల్‌ని పట్టుకుని భుజానికి ఆనించే భాగం) పొడవు మీ చేతికి సరిపోతోందో లేదో చూపించుకోండి. జింకకి .308 గానీ 6.5 క్రీడ్‌మోర్ గానీ చాలు, నేను .300 అమ్మేసి వాటిలో ఒకదానికే మారాను. ఇంకో పరీక్ష కూడా ఉంది: రేంజ్‌లో స్నేహితుణ్ణి మీకు చెప్పకుండా మధ్యమధ్యలో డమ్మీ (పేలని) తూటా పెట్టమనండి. డమ్మీ వచ్చినప్పుడు బారెల్ మూతి కిందికి వంగిందంటే మీరు అదురుతున్నారన్నమాట, అప్పుడు బ్రేక్ కంటే ముందు కొన్నాళ్లు తన్ను దాదాపు ఉండని చిన్న .22 రైఫిల్‌తో సాధన చేయండి.