తమ్ముడికి అమెరికాలో అసైలం దొరుకుతుందా?

ప్రశ్న: మాది హనుమకొండ. ఎమ్మెస్ కోసం 2022లో అమెరికా వెళ్లిన మా తమ్ముడు గే. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి మా బాబాయిలు, వచ్చి పెళ్లి చేసుకోకపోతే చంపుతామని ఫోన్లో బెదిరిస్తున్నారు. రెండు నెలల క్రితం వాడి వీసా స్టేటస్ పోయింది. ఇండియాలో జైల్లో వేస్తారని కథ రాసి అసైలం (ప్రాణభయంతో వచ్చినవారికి ఇచ్చే ఆశ్రయం) ఇప్పిస్తానని ఒక ఏజెంటు డబ్బు అడుగుతున్నాడు. నమ్మవచ్చా? వాణ్ని డిపోర్ట్ చేస్తారా?

జవాబు: ఆ ఏజెంటుకు ఒక్క డాలరు కూడా ఇవ్వవద్దని ఈ రోజే మీ తమ్ముడికి చెప్పండి. మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న నవ్‌తేజ్ సింగ్ జోహార్ కేసులో, వయోజనుల మధ్య ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదని తీర్పు ఇచ్చింది. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో, స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన పాత 377 సెక్షనే లేదు. కనుక జైలు కథ మొదటి ఇంటర్వ్యూలోనే తేలిపోతుంది. తెలిసి కల్పిత దరఖాస్తు వేసినట్లు నిర్ధారణ అయితే, జీవితాంతం అక్కడ ఏ ఇమిగ్రేషన్ ప్రయోజనమూ దక్కదు. నిజమైన ప్రాణభయం ఉన్నవాడి నోట అబద్ధం పలికించాలని చూడటం నన్ను ఎంతో బాధిస్తోంది.

స్వలింగ ఆకర్షణ కారణంగా హింసకు గురయ్యేవారు ఆశ్రయం కోరవచ్చని, క్యూబా దేశస్థుడైన టోబోసో అల్ఫోన్సో కేసులో 1990లో వచ్చిన తీర్పును 1994లో అక్కడి అటార్నీ జనరల్ ప్రామాణికంగా ప్రకటించారు. హింసించేది బంధువులైనా సరే, పోలీసులు వారిని అదుపు చేయలేరనో, చేయడానికి సుముఖంగా లేరనో చూపాలి. భారతీయుల కేసులు ఎక్కువగా చిక్కుపడేది ఆ తర్వాతి ప్రశ్న దగ్గర: హనుమకొండలో భయమైతే బెంగళూరులోనో ముంబైలోనో ఉండవచ్చు కదా? బాబాయిలు అక్కడికీ వెతుక్కుంటూ రాగలరా, గతంలో అలా ఎవరి వెంటైనా పడ్డారా అన్నది వివరంగా రాయాలి.

ఇక్కడే మీ అవసరం ఉంది. బెదిరింపు కాల్స్ రికార్డింగులు, వాట్సాప్ మెసేజ్‌లు తేదీలతో సహా భద్రపరచండి. పోలీసు స్టేషన్‌కు వెళ్లి ఉంటే, ఏ రోజు, ఎవరు ఏమన్నారో రాసిపెట్టండి. మీరు స్వయంగా విన్నవీ చూసినవీ ప్రమాణపత్రంగా రాసి, అనువాదకుడి ధ్రువీకరణతో ఇంగ్లీషులోకి మార్పించి పంపండి.

అమెరికాలో అడుగుపెట్టిన ఏడాదిలోపు దరఖాస్తు చేయాలన్నది నియమం. అయితే చట్టబద్ధమైన స్టేటస్‌లో ఉన్నంత కాలాన్ని మినహాయింపుగా చూస్తారు. స్టేటస్ పోయాక సహేతుకమైన సమయంలో వేయాలి. ఆరు నెలలు దాటితే ఆ మినహాయింపు దొరకడం కష్టం గనుక, మిగిలిన నాలుగు నెలలను వృథా చేయకండి. గడువు తప్పినా, డిపోర్టేషన్‌ను నిలిపివేయించే మరో రక్షణ కోరవచ్చు గానీ, దానికి ప్రమాదం జరిగే అవకాశమే ఎక్కువని, అంటే సగానికి మించి ఉందని రుజువు చేయాలి. అసైలంకు మాత్రం ప్రమాదం జరిగే అవకాశం పదింట ఒక వంతు ఉన్నా చాలవచ్చని అక్కడి సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది. దరఖాస్తు పెండింగులో ఉండగా సాధారణంగా స్వదేశానికి పంపరు. కాని నిర్బంధించే అధికారం వారికి ఉంటుంది. ప్రభుత్వం ఉచితంగా లాయరును ఇవ్వదు కాబట్టి, అక్కడ లైసెన్సు ఉన్న ఇమిగ్రేషన్ లాయరును ముందే కుదుర్చుకోవాలి.

దరఖాస్తు సంగతి అతని అనుమతి లేకుండా మన కాన్సులేటుకు తెలియజేయరు. ఈలోగా ఇంట్లో పెళ్లి ఉందనో, అమ్మకు బాగాలేదనో పిలిచినా అతను రాకూడదు. వస్తే భయం లేదనే అర్థం వస్తుంది.

ఒకవేళ తిరిగి రావలసి వస్తే, దిగకముందే తెలంగాణ హైకోర్టులో పోలీసు రక్షణ కోరుతూ రిట్ వేయించండి. స్వలింగ జంటలు వేసే ఇలాంటి అర్జీలలో ప్రాణాపాయాన్ని నిరూపించేదాకా ఆగకుండా వెంటనే తాత్కాలిక రక్షణ కల్పించాలని, సుప్రీంకోర్టు 2024 మార్చిలో దేవు నాయర్ కేసులో మార్గదర్శకాలు ఇచ్చింది.