బేరం ఎప్పుడు కుదిరినట్టు? ఆన్‌లైన్‌లో అమ్మేవారి ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు నుంచి వచ్చినవే. వాట్సాప్‌లోనో పెద్ద సైట్లలోనో చీరలు, పచ్చళ్లు, అప్పడాలు అమ్మేవారు రాశారు. పేర్లు తీసేసి, ప్రశ్నలు కుదించి ఇస్తున్నాం.

ప్రశ్న: పట్టు చీరల ఫొటోలు రాత్రిపూట క్యాటలాగ్‌లో పెడుతూ 8,500కి బదులు 850 కొట్టేశాను. తెల్లారేసరికి ముగ్గురు డబ్బు వేసేశారు. ఇంకో ఐదుగురు ‘బుక్ చేయండి’ అని మెసేజ్ పెట్టారు. ఆ రేటుకే ఇచ్చి తీరాలా? (బరంపురం)

ముందు ఎవరికీ జవాబివ్వకండి. తప్పు ధర కనిపిస్తున్న తెరను టైముతో సహా స్క్రీన్‌షాట్ తీసుకుని, ఆ చీరను క్యాటలాగ్‌లో దాచేయండి. మీరు జవాబులు రాస్తూ కూర్చుంటే తొమ్మిదో మనిషి డబ్బు వేస్తాడు.

ఇక ఆ ఎనిమిది మందీ ఒక లెక్కలోకి రారు. మామూలుగా ధర పెట్టి చూపించడమంటే ‘వచ్చి అడగండి’ అని పిలవడమే. అడిగేది కొనేవారు, సరేననేది మీరు. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం మీ ‘సరే’ చేరితేనే బేరం కుదిరినట్టు. ఐదుగురు అడిగారు, మీరింకా సరే అనలేదు. అసలు ధర చెప్పి, కావాలో వద్దో కనుక్కుంటే చాలు.

డబ్బు వేసిన ముగ్గురి విషయంలో మీ ఫోన్ నుంచి ఏం వెళ్లిందో చూడండి. వాట్సాప్ బిజినెస్‌లో మీరు పెట్టుకున్న ఆటోమేటిక్ మెసేజ్ ‘మీ మెసేజ్ అందింది, చూసి చెబుతాం’ అన్నంతవరకే ఉంటే మీకు ఇబ్బంది లేదు. ‘మీ ఆర్డర్ ఖరారైంది, ధన్యవాదాలు’ అని వెళ్లి ఉంటే మాత్రం చిక్కే. ఒక పక్షం పొరపాటు పడినంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదని అదే చట్టంలోని 22వ సెక్షన్ చెబుతుంది. చాలామంది సరదాగా రాసుకునే ఆ స్వాగత వాక్యం ఇలాంటి రోజున మెడకు చుట్టుకుంటుంది. ఈరోజే దాన్ని ‘స్టాకు, ధర సరిచూసి ఖరారు చేస్తాం’ అని మార్చండి.

ఎటు తిరిగినా చేయాల్సింది మాత్రం ఒకటే: అదే రోజు, పైసా తగ్గకుండా, డబ్బు వచ్చిన ఖాతాకే తిప్పి పంపడం. దాంతోపాటు ఇలా రాయండి: ‘అమ్మా, ఈ చీర ధర 8,500. రాత్రి ఎక్కించేటప్పుడు ఒక సున్నా తప్పిపోయింది. పొరపాటు మాదే. మీ 850 ఇప్పుడే తిప్పి వేశాం. మీకు కావాలంటే రేపు సాయంత్రం వరకు 7,900కి ఇస్తాం.’ ఎంత తగ్గిస్తారన్నది మీ కొన్న ధరను బట్టి చూసుకోండి. ఖరారు మెసేజ్ వెళ్లినవారికైతే కొన్న ధరకే ఇవ్వజూపడం మేలు. ‘స్టాక్ అయిపోయింది’ అని మాత్రం బొంకకండి. అదే చీర మర్నాడు 8,500కి కనబడితే మీ అబద్ధం ఊళ్లోని చీరల గ్రూపులన్నీ తిరిగొస్తుంది.

పెద్ద సైట్లో అయితే మీరు రద్దు చేసిన ప్రతి ఆర్డరూ మీ ఖాతా లెక్కలోకి ఎక్కుతుంది. అమెజాన్‌లో అమ్మకందారు రద్దులు 2.5 శాతం లోపు ఉండాలి. వంద ఆర్డర్లకు మూడు రద్దయితే గీత దాటినట్టే.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన పొరపాటు ఇంకోటుంది. నేతగాళ్లు, హోల్‌సేల్ వాళ్లు చీటీ మీద ఒడియా అంకెల్లో ధర రాస్తారు. ఒడియా నాలుగు పైన మూయని 8లా ఉంటుంది. ఆదరాబాదరాగా చూస్తే 4,500 కాస్తా 8,500 అయిపోతుంది. నోటిమాటతోనూ ఇదే గొడవ. ‘అఢేయి హజార’ అంటే రెండున్నర వేలు, ‘దేఢ హజార’ అంటే ఒకటిన్నర వేలు. ఫోన్లో విన్న ధరను అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి పంపి, అవతలి వాళ్ల చేత ‘అవును’ అనిపించుకోండి. చీరలు ఎక్కించాక జాబితాను తక్కువ ధర నుంచి ఎక్కువకు పేర్చి చూడండి. సున్నా తప్పినది మొదటి వరసలోనే దొరికిపోతుంది.

ప్రశ్న: డబ్బు వేశానని స్క్రీన్‌షాట్ పంపితే పార్సిల్ కొరియర్‌కు ఇచ్చేశాను. ఖాతాలో చూస్తే ఏమీ పడలేదు. (పర్లాకిమిడి)

కొరియర్ వాళ్లకు వెంటనే ఫోన్ చేసి, రసీదు మీది ట్రాకింగ్ నంబరు చెప్పి, ‘పంపినవారికే తిప్పండి’ అనండి. డెలివరీ అబ్బాయి చేతికి వెళ్లకముందైతేనే ఇది కుదురుతుంది. తిరుగు చార్జీ మీరే పెట్టుకోవాలి. చీర పోవడం కంటే అది నయం.

తర్వాత కొన్నవారిని 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబరు అడగండి. దాన్ని మీ బ్యాంకు యాప్‌లోని స్టేట్‌మెంట్‌లో వెతకండి. ఎస్సెమ్మెస్ నమ్మకండి. మామూలు పది అంకెల మొబైల్ నంబరు నుంచి వచ్చిన ‘క్రెడిటెడ్’ మెసేజ్ బ్యాంకుది కాదు. డబ్బు వెళ్లినట్టు అచ్చంగా అదే తెర చూపించే దొంగ యాప్‌లు కూడా ఉన్నాయి.

వాళ్లు నిజంగానే వేసి, మధ్యలో ఇరుక్కుపోయి ఉండొచ్చు కూడా. అందుకని మొదటి ఫోన్‌లోనే దొంగ అనేయకండి. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు పెట్టిన గడువు ప్రకారం, మనిషికి మనిషి పంపిన యూపీఐ డబ్బు చేరకపోతే మర్నాటికల్లా పంపినవారి ఖాతాకు తిరిగి వెళ్లాలి. వ్యాపారి ఖాతాకు వేసినదైతే ఐదు రోజులు. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకే వారికి కట్టాలి. ‘మీ డబ్బు ఎక్కడికీ పోదు, అది తిరిగొచ్చాక మళ్లీ వేయండి, పార్సిల్ సిద్ధంగా ఉంటుంది’ అని చెప్పండి. నిజంగా వేసినవారు కాస్త విసుక్కున్నా ఆగుతారు. వేయనివారు ఫోన్ ఎత్తడం మానేస్తారు. అప్పుడు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో స్క్రీన్‌షాట్, చాట్, కొరియర్ రసీదు జతచేసి ఫిర్యాదు పెట్టండి.

ప్రశ్న: ‘అక్కా, నాకు ఉంచండి’ అంటారు. రెండు రోజులైనా డబ్బు వేయరు. ఈలోగా అడిగినవాళ్లను వెనక్కి పంపేస్తున్నాను. (జయపురం)

మొహమాటమే ఇక్కడ అసలు నష్టం. ఒక్క పీసే ఉన్న చీరకు రెండు గంటలు, స్టాకున్న వస్తువుకు ఆ రాత్రి తొమ్మిది వరకు అని గడువు పెట్టండి. ‘ఉంచండి’ అని అడగగానే అది చెప్పేయండి. వాట్సాప్ బిజినెస్‌లో పెండింగ్ పేమెంట్, పెయిడ్ అనే లేబుళ్లు సిద్ధంగా ఉంటాయి. డబ్బు స్టేట్‌మెంట్‌లో కనబడ్డాకే లేబుల్ మార్చండి. గడువుకు అరగంట ముందు ఒక్కసారి గుర్తు చేయండి. రెండోసారి అడగక్కర్లేదు. ఆ చీర వెంటనే వరసలో తర్వాతివారికి వెళ్లిపోవాలి.

బేరం కుదిరి, కొంత అడ్వాన్సు ఇచ్చి, మిగతాది ఇవ్వకుండా నాన్చేవారి సంగతి వేరు. అరువు మాట లేనప్పుడు, పూర్తి డబ్బు అందేదాకా సరుకు మీ దగ్గరే అట్టిపెట్టుకునే హక్కు 1930 సరుకుల విక్రయ చట్టం 47వ సెక్షన్ ఇస్తుంది. దాన్ని ఇంకొకరికి అమ్మాలంటే మాత్రం ముందు నోటీసు ఇచ్చి, తగిన వ్యవధి ఇవ్వాలని 54వ సెక్షన్ అంటుంది. తేదీతో ఒక వాట్సాప్ మెసేజ్ రాసిపెట్టండి. నోటీసు లేకుండా ఎక్కువకు అమ్మితే ఆ లాభం కూడా మొదటి కొనుగోలుదారుకే పోతుంది. పాడైపోయే సరుకుకు ఈ నోటీసు అక్కర్లేదు. రద్దు రుసుము పెట్టాలనుకుంటే, మీరు రద్దు చేసినప్పుడు మీరూ అంతే కట్టాలి. 2020 ఈ-కామర్స్ నియమాల్లో ఈ షరతు ఉంది.

ప్రశ్న: సైట్లో అరకిలో పచ్చడి జాడీ 338కి అమ్ముతున్నాను. ఖర్చు 260. కమిషన్ 15 శాతం, లాభం 15 శాతం వేసుకున్నాను. ఆర్డర్లు బాగున్నా చేతిలో డబ్బు ఉండటం లేదు. (రాయగడ)

మీరు 15 శాతాన్ని ఖర్చు మీద కట్టారు. సైటు దాన్ని అమ్మకం ధర మీద కోస్తుంది, ఆ కోతపై 18 శాతం జీఎస్టీ కూడా కలుపుతుంది. అంటే 17.7 శాతం. 338లో దాదాపు 60 రూపాయలు అక్కడే పోతాయి. పచ్చడి మీద 5 శాతం పన్ను ధరలోనే కలిసి ఉంది గనుక ఇంకో 16. మిగిలింది 262.

తిరిగొచ్చే పార్సిళ్లు మీ లెక్కలో లేనే లేవు. సరుకు అందాక డబ్బు అన్న ఆర్డర్లలో పదికి రెండు వెనక్కి వస్తాయనుకుందాం. మీ కొరియర్ 80 అనుకుంటే, ఒక్కో వాపసుకు రానుపోను 160, రెండింటికి 320. దాన్ని అమ్ముడైన ఎనిమిది జాడీల మీద పంచితే జాడీకి 40. అసలు ఖర్చు 300 అన్నమాట. అంటే ప్రతి జాడీకి 38 రూపాయలు మీరే ఎదురిస్తున్నారు. తిరిగొచ్చిన జాడీ మూత దగ్గర నూనె కారితే, ఆ నష్టం ఇందులో కలపలేదు.

లెక్క ఇలా కట్టాలి: నూటికి 17.7 కమిషన్, 15 లాభం, 4.76 పన్ను తీసేస్తే మిగిలేది 62.54. ఖర్చు 300ను 0.6254తో భాగిస్తే సుమారు 480. ఇదీ మీ ధర. ఆ ధరకు జాడీ కదలకపోతే లాభాన్ని కాదు, ఖర్చును కొయ్యండి. అట్టపెట్టె నుంచే మొదలుపెట్టొచ్చు. చాలా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తాయి. అసలు బరువు కంటే ఆ అంకె ఎక్కువైతే దానికే చార్జీ. 30×25×20 పెట్టె మూడు కిలోల కింద లెక్క. అదే రెండు జాడీలు 20×20×15 పెట్టెలో సర్దితే 1.2 కిలోలే వస్తుంది గనుక, తూచిన బరువుకే కడతారు. పెట్టెపై ఎమ్మార్పీ అచ్చువేసి ఉంటే, కొత్త ధర దాన్ని దాటకూడదు. ముందు కొత్తగా నింపే జాడీలకు లేబుళ్లు మార్చండి.

ప్రశ్న: అప్పడాలు ఒక దుకాణానికి టోకున పంపి నాలుగు నెలలైంది. బిల్లు ఇవ్వడం లేదు. (గుణుపురం)

మీరే తయారుచేస్తూ, సరుకు ఇచ్చేనాటికే ఉద్యమ్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్ ఉంటే మీ చేతిలో గట్టి ఆధారం ఉన్నట్టే. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాతకోతలు లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులకు మించకుండా కట్టాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా. ముందు ఈ లెక్కతో ఒక ఉత్తరం పంపండి, చాలాసార్లు దానితోనే కదలిక వస్తుంది. లేదంటే ఎంఎస్ఎంఈ ఫిర్యాదు పోర్టల్. కొని అమ్మే వర్తకులకు మాత్రం ఈ వడ్డీ సదుపాయం లేదు.

ప్రశ్న: ‘950కి బదులు 9,500 వేశాను, మిగతాది ఈ నంబరుకు పంపండి’ అంటున్నారు. (ఛత్రపురం)

వేరే నంబరుకు రూపాయి కూడా వద్దు. స్టేట్‌మెంట్‌లో 9,500 నిజంగా పడిందో లేదో చూడండి. పడకపోతే అది మోసం. పడితే, వచ్చిన ఖాతాకే తిప్పమని మీ బ్యాంకులో రాతపూర్వకంగా అడగండి. ఎవరి దగ్గరో కొట్టేసిన సొమ్ము మీ ఖాతా గుండా పోతే, ఆ తర్వాత స్తంభించేది మీ ఖాతాయే.