గౌను లోపల పట్టుచీర కుదురుతుందా?

(పాఠకుల ప్రశ్నలకు, కాన్వొకేషన్ గౌన్లు కుట్టి అద్దెకిచ్చే హైదరాబాద్ టైలర్ జవాబులు)

ప్రశ్న: మా అమ్మాయి టెక్సస్‌లో ఎంఎస్ పూర్తి చేసింది. గ్రాడ్యుయేషన్‌కు మేమూ వెళ్తున్నాం. గౌను పార్సిల్ వచ్చిందని వీడియో కాల్‌లో చూపించింది. చేతుల చివర మూసేసి కుట్టారు, పైన ఎక్కడో చీలిక ఉంది. పొరపాటు కుట్టేమోనని టెన్షన్‌గా ఉంది. లోపల పట్టుచీర కట్టుకోమంటున్నాను, బాగుంటుందా?
– ఓ తల్లి, తెనాలి

జవాబు: కుట్టు సరిగ్గానే ఉందమ్మా. కత్తెర పెట్టొద్దని అమ్మాయికి ముందు ఫోన్ చేసి చెప్పండి. ఆల్టరేషన్‌కని మా షాపుకి ఇలాంటి గౌను తెచ్చినవాళ్లూ ఉన్నారు, అలాగే మడిచి పంపించేశాను. అమెరికాలో మాస్టర్స్ గౌను చెయ్యి పొడుగు సంచిలా కిందికి వేలాడుతుంది, అడుగు మూసే ఉంటుంది. మణికట్టు దగ్గరి చీలికలోంచి చెయ్యి బయటికి తీయాలి. బ్యాచిలర్స్ వాళ్లకు మొనదేలిన చేతులు, పీహెచ్‌డీ వాళ్లకు బెల్ స్లీవ్స్, వాటి మీద మూడు వెల్వెట్ పట్టీలు. 1895లో అక్కడి కాలేజీలు కూర్చుని రాసుకున్న లెక్క ఇది. చెయ్యి చూస్తే చదువు తెలిసిపోతుంది.

మెడలోంచి వీపు మీదికి వేసే హుడ్‌కీ లెక్కుంది. వెల్వెట్ అంచు సబ్జెక్టుది: ఇంజనీరింగ్‌కు నారింజ, సైన్స్‌కు బంగారు పసుపు. లోపలి లైనింగ్ యూనివర్సిటీ రంగులది, అది వీపు వైపు బయటికి తిరిగి కనబడాలి.

ఇక చీర. నిక్షేపంగా కట్టుకోవచ్చు. గౌను మోకాలికీ చీలమండకీ మధ్యన ఆగుతుంది కాబట్టి కింద అంచు కనబడుతుంది, ఫొటోల్లో అదే అందం. కాకపోతే హుడ్‌తో తంటా. దాని ముందువైపు చిన్న దారపు లూప్ ఉంటుంది, చొక్కా గుండీకి తగిలించడానికి. జాకెట్టుకు ఆ గుండీ ఎక్కడిది? తగిలించకపోతే బరువంతా వెనక్కి లాగి హుడ్ గొంతుకి పట్టేస్తుంది. జాకెట్టు మెడ మధ్యలో నల్ల గుండీ ఒకటి కుట్టుకోమనండి, లేదంటే లూప్‌ను గౌను జిప్ పక్కన పిన్నుతో లోపలి నుంచి పట్టించమనండి. పైట మడతలు సన్నగా పెట్టి భుజం మీద గట్టిగా పిన్ను చేయాలి, లావు మడతలైతే గౌను ఒకవైపు ఎత్తుగా లేస్తుంది. పాలియెస్టర్ బట్ట కాబట్టి వేడి ఇస్త్రీ వద్దు, మెరుపు మరకలు పడతాయి. వేడినీళ్ల ఆవిరి ఉన్న బాత్రూమ్‌లో హ్యాంగర్‌కు వేలాడదీస్తే ముడతలు చాలావరకు పోతాయి.

ప్రశ్న: మన ఎండలకు ఈ నల్ల గౌను అవసరమా? తెల్లదొరలు పోయినా వాళ్ల వేషం పోలేదు.
– ఓ డిగ్రీ లెక్చరర్, వరంగల్

జవాబు: నా పొట్ట దీనిమీదే గడుస్తున్నా, సగం మీ పక్షమే మాస్టారూ. యూరప్ తొలి యూనివర్సిటీల్లో ఎక్కువమంది చర్చి మనుషులు, పైగా రాతి గదులు, చలి. అక్కడ అది పనికొచ్చే బట్ట. 1857లో మద్రాస్, బొంబాయి, కలకత్తా యూనివర్సిటీలు లండన్ పద్ధతిలో పెట్టారు, ఆ పద్ధతితోపాటే గౌనూ దిగింది. 2010లో భోపాల్‌లో అటవీ నిర్వహణ సంస్థ స్నాతకోత్సవం వేదిక మీదే జైరాం రమేశ్ గౌను విప్పేశారు. అప్పట్లో ఆయన కేంద్ర మంత్రి, మన ఆంధ్రప్రదేశ్ నుంచే రాజ్యసభ సభ్యుడు. 2019లో యూజీసీ కూడా చేనేత బట్టలు వాడమని యూనివర్సిటీలకు చెప్పింది. శాంతినికేతన్‌లోనైతే పట్టాతోపాటు సప్తపర్ణి ఆకు ఇచ్చే ఆనవాయితీ ఉంది.

నన్నడిగితే మంగళగిరి కాటన్‌తో మోకాళ్ల దాకా పల్చటి అంగీ, మీద పోచంపల్లి కండువా చాలు. గాలాడుతుంది. అద్దె షాపులు దీనికి ఎందుకు రావో కూడా చెప్తాను. పాలియెస్టర్ రాత్రి ఉతికితే పొద్దున్నకి ఆరుతుంది, గంజి అక్కర్లేదు, రంగు దిగదు. కాటన్ అంగీ ప్రతి ఉతుకుకీ ఇస్త్రీ అడుగుతుంది, ఆ ఖర్చు అద్దెలో రాదు. అందుకే అద్దెకివ్వకుండా, పిల్లలకే సొంతంగా కుట్టిచ్చేయాలి. అంగీ, కండువా రెండూ తర్వాత పెళ్లిళ్లకూ కట్టుకోవచ్చు. నల్ల గౌను వేసుకుని ఎవరి పెళ్లికి వెళ్తారు?

ప్రశ్న: టోపీలు గాల్లోకి ఎగరేసే ఆచారం ఎక్కడిది? మా బ్యాచ్ అంతా ప్లాన్ చేస్తున్నాం.
– ఫైనలియర్ విద్యార్థి, కాకినాడ

జవాబు: అమెరికాలో అనాపొలిస్ నేవీ అకాడమీలో 1912లో మొదలైందని చెబుతారు. ఆ ఏడాది నుంచి పాసైన వెంటనే ఆఫీసర్లను చేశారు, పాత టోపీలతో పని లేక విసిరేశారు. బాబూ, అవి వాళ్ల సొంత టోపీలు. మీవి అద్దెవి. లోపల నలుచదరం అట్ట, మూల నేలకు తగిలితే వంగిపోతుంది, మళ్లీ నిటారుగా రాదు. పక్కవాడి కంటికి తగిలినా ఆ మూలే తగులుతుంది. ఎగరేయాలనుంటే ఒక్కసారి, తలకు జానెడెత్తున, ఎవరిది వాళ్లు పట్టుకునేలా ఎగరేయండి. కెమెరా కింద కూర్చుని తీస్తే ఎత్తుగానే కనబడుతుంది, డిపాజిట్‌లో కోతా పడదు.