ఓటరు స్లిప్ పేరుతో వచ్చిన ఫైలును తెరిచారా?

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం పంచాయతీ ఎన్నికల చుట్టూ తిరిగేవే. తెలంగాణలో 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మూడు విడతల పోలింగ్ కాబట్టి అది సహజమే. అడిగినవారి ఊళ్లు వేరైనా ఇబ్బంది దాదాపు ఒక్కటే. అందుకే వేడెక్కే ఫోన్లు, నిండిపోయిన మెమరీ గురించిన ప్రశ్నలను వచ్చే వారానికి వాయిదా వేసి ఈసారి వీటికే జవాబిస్తున్నాను.

ఎన్నికల సంఘం యాప్‌లో వెతికితే పోలింగ్ కేంద్రం కనిపించింది గానీ మా ఊళ్లో నా వార్డు నంబరు కనిపించలేదు. పేరు తీసేశారా? (నర్సంపేట)

తీసేయలేదు. మీరు చూసింది అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల జాబితా. దాన్ని నిర్వహించేది భారత ఎన్నికల సంఘం. పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం చూసుకుంటుంది. అసెంబ్లీ జాబితాలోని పేర్లనే తీసుకుని వార్డుల వారీగా విడగొట్టి మరో జాబితా తయారుచేస్తుంది. మీ వార్డు వివరాలు రాష్ట్ర ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో గానీ, వాళ్ల టీ-పోల్ యాప్‌లో గానీ దొరుకుతాయి. అదీ కుదరకపోతే పంచాయతీ కార్యాలయానికి వెళ్లి జాబితా చూపించమని అడగండి.

ఇదే ప్రశ్న ప్రతి స్థానిక ఎన్నికకూ వస్తూనే ఉంది. మొదటి యాప్‌లో పేరు వెతికే పెట్టె కింద ‘ఇది పంచాయతీ ఎన్నికలకు వర్తించదు’ అని తెలుగులో ఒక్క వాక్యం రాస్తే ఇంతమందికి కంగారు తప్పేది. ఆ మాత్రం పట్టింపు లేకపోవడం నాకు కోపం తెప్పిస్తుంది.

ఇంకొక్క మాట. స్లిప్ ఉంటే సరిపోదు. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో కూడా 2019 నుంచి దాన్ని గుర్తింపు పత్రంగా ఒప్పుకోవడం లేదు. ఓటరు కార్డు, ఆధార్ లాంటి గుర్తింపు పత్రం కాగితం రూపంలోనే వెంట ఉండాలి. ఫోనులో దాచుకున్న కార్డు పోలింగ్ కేంద్రంలో అక్కరకు రాదు.

ఊరి వాట్సాప్ గ్రూపులో ‘మీ ఓటరు స్లిప్ ఇక్కడ’ అంటూ ఒక ఫైలు వచ్చింది. పంపింది మా మేనబావే. తెరిచాను, ఏమీ రాలేదు. ఫోను మామూలుగానే పనిచేస్తోంది. భయపడాలా? (పరకాల)

భయపడాలి. ఈ పత్రిక చదవడం ఇక్కడితో ఆపి ముందు ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఆ తర్వాత మిగతాది చదవండి.

ఫైలు పేరు చివర ఏముందో చూడండి. ‘ఏపీకే’ అని ఉంటే అది స్లిప్ కాదు, యాప్. ఓటరు స్లిప్ యాప్ రూపంలో రాదు. నిన్నమొన్నటిదాకా ఇదే మోసం పెళ్లి శుభలేఖగా, ట్రాఫిక్ చలానాగా, పీఎం కిసాన్ జాబితాగా వచ్చింది. ఊరంతా జాబితాలో పేరు వెతుక్కునే రోజులివి కాబట్టి ఇప్పుడు ఓటరు స్లిప్ వేషం వేసింది.

మీ ఫోనులో జరిగింది దాదాపు ఇలా ఉంటుంది. ఫైలు నొక్కగానే ‘ఇక్కడి నుంచి వచ్చిన యాప్‌లను ఇన్‌స్టాల్ చేయడానికి అనుమతి లేదు’ అని ఫోను ఆపుతుంది. కింద సెట్టింగులకు దారి చూపిస్తుంది. అక్కడ మీట పక్కకు జరిపితే యాప్ దిగుతుంది. తెరవగానే ఎస్ఎంఎస్‌లు చదవడానికి అనుమతి అడుగుతుంది, తర్వాత కాల్స్‌కు, ఆ తర్వాత ‘యాక్సెసిబిలిటీ’కి. చూపు సరిగా లేనివారి కోసం తెర మీద ఉన్నదంతా చదివి, వారి బదులు నొక్కడానికి పెట్టిన సదుపాయం అది. దాన్ని దొంగ చేతికిచ్చారంటే మీ తెర మీద కనిపించేదంతా వాడికీ కనిపిస్తుంది, మీ వేలు చేయగలిగింది వాడూ చేయగలడు. పని పూర్తికాగానే యాప్ గుర్తు మాయమవుతుంది. మీకు ‘ఏమీ రాలేదు’ అనిపించడానికి కారణం అదే. ఆ తర్వాత బ్యాంకు ఓటీపీలు మీరు చూసేలోపే అవతలికి చేరతాయి. అదే ఫైలు మీ పేరుతో మీ గ్రూపులన్నింటికీ వెళుతుంది. మీ మేనబావ తెలిసి పంపి ఉండరు. ఆయన ఫోనే పంపి ఉంటుంది. ఆయనకూ ఇప్పుడే చెప్పండి, అయితే వాట్సాప్‌లో కాదు, వేరే ఫోను నుంచి కాల్ చేసి.

ఇక చేయవలసినవి. వేరే ఫోను నుంచి బ్యాంకుకు చేసి ఖాతాను, యూపీఐని నిలిపివేయించండి. డబ్బు పోయినట్టు తెలిస్తే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు చేరిన ఖాతాను స్తంభింపజేసే అవకాశం అంత ఎక్కువ. తెల్లవారాక చూద్దామనుకుంటే అది ఐదారు ఖాతాలు దాటిపోతుంది. ఆ తర్వాత ఫోనును సేఫ్ మోడ్‌లో (బయటి నుంచి దించిన యాప్‌లు పనిచేయని స్థితిలో) తెరిచి, సెట్టింగుల్లోని యాప్‌ల జాబితాలో మీరు ఎరగని పేరుంటే దాని అనుమతులన్నీ రద్దు చేసి తొలగించండి. అంతటితో నేనైతే తృప్తిపడను. ఫొటోలు కంప్యూటర్‌లోకి తీసుకుని ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చేయమంటాను, అంటే అన్నీ చెరిపేసి కొన్ననాటి స్థితికి తెమ్మంటాను. మీ కాల్స్ మరో నంబరుకు మళ్లించి ఉండవచ్చు కాబట్టి చివరగా ##002# డయల్ చేయండి, మళ్లింపులన్నీ రద్దవుతాయి. పాస్‌వర్డులు, యూపీఐ పిన్ ఈ శుభ్రత అయ్యాకే మార్చాలి. ముందే మారిస్తే కొత్తవీ వాడికే చేరతాయి.

తప్పు మీ ఒక్కరిదే అని నేను అనను. వైఫై తగలగానే వచ్చిన ఫైలునల్లా దానంతటదే దించుకునేలా యాప్‌లను తయారుచేసినవారిది ఒక తప్పు. ఇన్‌స్టాల్ వద్దని చెప్పిన తెర మీదే ఒప్పుకునే దారి కూడా చూపించే ఫోన్లది మరో తప్పు. చవక ఫోన్లకు రెండేళ్లు తిరక్కుండానే భద్రతా అప్‌డేట్లు ఆపేసేవారిది అన్నిటికన్నా పెద్ద తప్పు. పల్లెల్లో ఎక్కువమంది చేతుల్లో ఉన్నవి ఆ ఫోన్లే. కొన్న మనిషి ఐదేళ్లు వాడతాడని అమ్మేవాడికి తెలుసు. తెలిసి కూడా మధ్యలో వదిలేయడం దగా. అయితే వాళ్లు మారేదాకా మన డబ్బు ఆగదు. ఎవరో పంపిన ఫైలులో దేన్నీ చూసుకోకండి. కావలసింది మీరే వెబ్‌సైట్‌కు వెళ్లి వెతకండి. పంపినవారు మేనబావైనా, మాజీ సర్పంచ్ అయినా ఇదే పద్ధతి.

ఇది నా మొదటి ఓటు. సర్పంచ్ అభ్యర్థుల గురించి చాట్‌బాట్‌ను అడిగితే ఒకరి గురించి చాలా మంచిగా చెప్పింది. నమ్మవచ్చా? (జమ్మికుంట)

వద్దు. మీ ఊరి అభ్యర్థి గురించి ఇంటర్నెట్‌లో ఎవరూ ఏమీ రాసి ఉండరు. రాసింది లేనప్పుడు చాట్‌బాట్ అదే పేరున్న మరొకరి వివరాలు అంటగడుతుంది, లేదా నమ్మేలా అల్లేస్తుంది. తెలియదని చెప్పడం ఆ యంత్రాలకు ఇంకా సరిగా రాలేదు. ఓటు విషయంలో నేను వాటిని దగ్గరకు రానివ్వను.

ఫోనుతోనే చేయగల మంచి పని ఒకటి ఉంది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైట్ తెరవండి. రాష్ట్రం, జిల్లా, మండలం, మీ పంచాయతీ ఎంచుకోండి. ఏ ఏడాది ఏ పనులకు ప్రణాళిక వేశారో, ఎంత చెల్లించారో కనిపిస్తుంది. మన సర్పంచుల పదవీకాలం 2024 జనవరి చివరితో ముగిసింది. ఆ తర్వాత ప్రత్యేకాధికారుల పాలన. కాబట్టి పాత సర్పంచ్ మళ్లీ పోటీ చేస్తుంటే 2019 నుంచి 2024 వరకు ఉన్న లెక్కలు చూడండి. మురుగు కాలువకు డబ్బు చెల్లించినట్టు ఉంటే, ఆ వీధికి నడిచి వెళ్లి కాలువ ఉందో లేదో చూసి రండి. ఉపాధి హామీ పనుల వివరాలూ ఇలాగే ఆ పథకం వెబ్‌సైట్‌లో పంచాయతీ వారీగా దొరుకుతాయి. కొత్త అభ్యర్థి అయితే ఆ కాగితాలు ముందుపెట్టి, మీరొస్తే ఏం మారుస్తారని అడగండి. ప్రచారానికి ఇంటి గడపకే వస్తారు కదా.

ఇక్కడ నా పాత ఫిర్యాదు ఒకటి చెప్పాలి. అసెంబ్లీ, లోక్‌సభ అభ్యర్థులు తమ కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు వివరాలతో ఫారం 26 అఫిడవిట్ ఇస్తారు. ఈ హక్కు 2002లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది. ఎన్నికల సంఘం వాటిని వెబ్‌సైట్‌లో పెడుతోంది, సంతోషం. కానీ చాలావరకు స్కాన్ చేసిన కాగితాలే. అక్షరాలు అలికినట్టు ఉంటాయి, పదం వెతికితే దొరకదు, ఇద్దరి ఆస్తులు పక్కపక్కన పెట్టి చూసే వీలు లేదు. 2019లో పసుపు, ఎర్రజొన్న రైతుల నామినేషన్లతో నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో 185 మంది బరిలో ఉన్నారు. అన్ని అఫిడవిట్లను ఏ ఓటరు ఒక్కొక్కటిగా తెరిచి చదవగలడు? వివరాలను కంప్యూటర్‌లో టైపు చేయించి పట్టికగా ఇవ్వడం కష్టమైన పని కాదు. చదవలేని రూపంలో ఇచ్చిన సమాచారం ఇవ్వనట్టే.

పోలింగ్ ముందురోజు రాత్రి వచ్చే ఆడియోలు, వీడియోలతో మరింత జాగ్రత్తగా ఉండండి. 2023 అసెంబ్లీ ఎన్నికల పోలింగ్ వేళ, ఒక ప్రముఖ నేత ప్రత్యర్థి పార్టీకి ఓటేయమన్నట్టు తయారుచేసిన నకిలీ వీడియో మన రాష్ట్రంలోనే తిరిగింది. ఫలానా అభ్యర్థి పోటీ నుంచి తప్పుకున్నాడని ఆయన గొంతుతోనే వినిపించినా నమ్మకండి. ఉపసంహరణ గడువు దాటాక ఎవరి గుర్తూ బ్యాలెట్ నుంచి పోదు.

మేం హనుమకొండలో ఉంటాం, ఓట్లు ఆత్మకూరు దగ్గర మా ఊళ్లో. ఓటేసి తిరిగి వస్తాం. రాత్రి ఫలితం లైవ్‌లో పెద్ద టీవీలో చూడటానికి ఏ యాప్ పెట్టుకోవాలి? (హనుమకొండ)

ఏదీ వద్దు. అసెంబ్లీ ఫలితాల రోజు ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో రౌండ్ల వారీగా అంకెలు మారుతుంటాయి, మీ మనసులో ఉన్నది అదే. పంచాయతీలో అలా ఉండదు. పోలింగ్ మధ్యాహ్నం 1 గంటకు ముగుస్తుంది, 2 గంటలకు లెక్కింపు మొదలవుతుంది. అంతా బ్యాలెట్ కాగితాలే. గులాబీ రంగువి సర్పంచ్‌వి, తెల్లవి వార్డు సభ్యులవి. రెండింటినీ వేరుచేసి, కట్టలు కట్టి, ఒక్కొక్కటీ విప్పి చూసి లెక్కపెడతారు. చిన్న ఊరైతే సాయంత్రానికే తేలుతుంది, పెద్ద పంచాయతీ అయితే రాత్రి పొద్దుపోతుంది. ‘మీ ఊరి సర్పంచ్ ఫలితం లైవ్’ అని వచ్చే లింకు ఏదైనా పైన పరకాల పాఠకుడికి వచ్చిన ఫైలుకు తోబుట్టువే.

ఊళ్లో ఉండే బంధువు ఒకరితో ముందే మాట్లాడుకోండి. ‘ముందంజ’ కబుర్లు వద్దని, ఎన్నికల అధికారి ప్రకటించాకే ఫోను చేయమని చెప్పండి. గెలిచినట్టు గ్రూపులో పెట్టినవారు రీకౌంటింగ్‌లో ఓడిపోయిన సందర్భాలు ఊళ్లలో ఉన్నవే. రెండు మూడు ఓట్ల తేడా వచ్చినచోట గొడవలు రేగేది ఇలాంటి తొందరపాటు మెసేజ్‌లతోనే.

టీవీకి ఫోను తెరను కలిపే అలవాటు కూడా నాకు నచ్చదు. చుట్టాలంతా కూర్చున్న గదిలో మీ ఓటీపీలు, మెసేజ్‌లు అన్నీ గోడంత పెద్దగా కనిపిస్తాయి. తప్పదనుకుంటే నోటిఫికేషన్లు ఆపేశాకే కలపండి. చవకగా దొరికే స్మార్ట్ టీవీలు, సెట్‌టాప్ పెట్టెల సాఫ్ట్‌వేర్‌ను అమ్మాక పట్టించుకునే నాథుడు ఉండడు. వాటిలో బ్యాంకు పని చూసే ఈమెయిల్ ఖాతాతో లాగిన్ కావద్దు.

ఫలానా గుర్తుకే ఓటేశానని బ్యాలెట్ ఫొటో తీసి చూపించమని ఒత్తిడి చేస్తున్నారు. చూపించి వెంటనే తొలగిస్తే ఇబ్బంది ఉండదు కదా? (పేరు, ఊరు రాయలేదు)

ఉంటుంది. మీరు తొలగించిన ఫొటో ఫోనులోని చెత్తబుట్టలో సాధారణంగా నెల రోజులు ఉంటుంది. క్లౌడ్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే అక్కడికీ ఒక కాపీ చేరుతుంది. చూపించేటప్పుడు అవతలివారు తమ ఫోనుతో దాన్ని ఫొటో తీస్తే మీరు ఏమీ చేయలేరు. పైగా బ్యాలెట్‌ను ఫొటో తీసినందుకు మీ మీదే కేసు కావచ్చు.

పోలింగ్ కేంద్రంలోకి ఫోను రానివ్వరన్న నిబంధన మీకు అండగా ఉంది, దాన్ని వాడుకోండి. ఫోను ఇంట్లోనే వదిలి వెళ్లండి. అడిగితే ‘లోపలికి తేనివ్వరు కదా, ఇంట్లో పెట్టి వచ్చాను’ అనండి. స్వస్తిక్ ముద్ర ఎవరి గుర్తు మీద వేశారో తెలుసుకునే మార్గం వారికి వేరే లేదు. బ్యాలెట్ మీద మీ పేరు ఉండదు, మడిచి పెట్టెలో వేశాక అది మిగతా ఓట్లలో కలిసిపోతుంది. బెదిరింపు ఆగకపోతే 100కు ఫోను చేయండి. మళ్లీ నాకు రాసినా మీ వివరాలు అక్కర్లేదు.