థైరాయిడ్ పరీక్ష నార్మల్.. మరి మెడలో ఈ ఉబ్బేంటి?

ప్రశ్న: నా వయసు 36. రెండు నెలలుగా మెడ ముందు కుడివైపు చిన్న ఉబ్బు కనిపిస్తోంది. నొప్పి లేదు. థైరాయిడ్ పనితీరు చెప్పే రక్తపరీక్ష టీఎస్‌హెచ్ 2.1 వచ్చింది, నార్మల్ అన్నారు. మెడ పక్కన ఓ బిళ్ల కూడా చేతికి తగులుతోంది. భయపడాలా?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: టీఎస్‌హెచ్ 2.1 అంటే థైరాయిడ్ సరిగ్గానే పనిచేస్తోందమ్మా. కానీ అందులో గడ్డ ఉందో లేదో ఆ పరీక్ష చెప్పదు. థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లలోనూ చాలామందికి ఇది నార్మల్‌గానే వస్తుంది. కాబట్టి ఆ కాగితం చూసి ఊరుకోవద్దు.

అద్దం ముందు గడ్డం కాస్త పైకెత్తి, గుక్కెడు నీళ్లు మింగుతూ గొంతు ముడి కింద చూడండి. ఉబ్బు పైకి వెళ్లి మళ్లీ దిగితే అది దాదాపుగా థైరాయిడ్‌దే. ఆ గ్రంథి శ్వాసనాళాన్ని అంటుకుని ఉంటుంది, మింగినప్పుడు దాంతోపాటే కదులుతుంది. పక్కనున్న బిళ్ల కదలకపోతే లింఫు గ్రంథి (ఇన్ఫెక్షన్లతో పోరాడే చిన్న గ్రంథి) కావచ్చు.

ఇప్పుడు చేయించాల్సింది మెడ అల్ట్రాసౌండ్. పక్క బిళ్లల్ని కూడా చూడమని చీటీలో రాయించుకోండి. లేదంటే థైరాయిడ్ వరకే చూసి వదిలేసే అవకాశం ఉంది. రిపోర్టులో టైరాడ్స్ అని, గడ్డను ఎంత అనుమానించాలో చెప్పే ఒక అంకె ఉంటుంది; అంకె పెరిగేకొద్దీ అనుమానం ఎక్కువ. అది 5 అయితే గడ్డ 1 సెం.మీ., 4 అయితే 1.5, 3 అయితే 2.5 సెం.మీ. లేదా అంతకు మించి ఉన్నప్పుడు సన్నసూదితో కణాలు తీసి పరీక్షిస్తారు. 1, 2 అయితే సూది అక్కర్లేదు. పక్క బిళ్ల తేడాగా కనిపిస్తే మాత్రం దానికీ సూది పరీక్ష చేయాల్సిందే. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న మాట పట్టించుకోకండి. థైరాయిడ్ గడ్డల్లో ఎక్కువ భాగం ప్రమాదం లేనివే.

పుచ్చుపన్ను, టాన్సిల్, తలలో కురుపు ఉంటే దవడ కింద శనగగింజంత బిళ్ల రావడం మామూలే. నొక్కితే నొప్పి ఉంటుంది, రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. తగ్గకుండా, నొప్పి లేకుండా, రెండు మూడు ఒకదానికొకటి అతుక్కుని ఉంటే మన దగ్గర ముందు టీబీనే అనుమానించాలి. అలాంటి దాన్ని చీముగడ్డ అనుకుని కోయించుకుంటే పుండు మానక నెలల తరబడి కారుతుంది. సూదితో తీసిన నమూనాను టీబీ క్రిమిని పట్టే సీబీనాట్‌ పరీక్షకు పంపాలి. టీబీ అని తేలితే మందులు సాధారణంగా 6 నెలలు వాడాలి, ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం.

రాయిలా గట్టిగా ఉన్న బిళ్ల, కాలర్ ఎముకకు పైన వచ్చిన బిళ్ల ఎంత చిన్నదైనా ఆలస్యం చేయొద్దు. గొంతు బొంగురుపోయినా, మింగడం కష్టమైనా, పడుకుంటే ఊపిరాడకపోయినా, ఉబ్బు వారాల్లోనే పెరిగినా వెంటనే ఈఎన్‌టీ సర్జన్‌ను కలవండి. ఇవేవీ లేకపోతే వారం పది రోజుల్లో స్కాన్ చేయించుకుంటే చాలు.

అన్నట్టు, జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పండి. అవి థైరాయిడ్ రిపోర్టును తారుమారు చేస్తాయి. మళ్లీ రక్తపరీక్షకు వెళ్లేముందు కనీసం రెండు రోజులు ఆపాలి.