బ్రెజిల్‌లో ఆగని బండి మన దగ్గర ఎందుకు మొరాయిస్తోంది?

ప్రశ్న: బ్రెజిల్‌లో పెట్రోలులో 30 శాతం ఇథనాల్ (చెరకు, ధాన్యాల నుంచి తీసే ఆల్కహాల్) కలిపినా బండ్లు తిరుగుతున్నాయి. మనం 20 శాతానికే ఎందుకింత గోల పెడుతున్నాం? గ్లోబల్ బయోఫ్యూయల్స్ అలయన్స్‌తో మనకేమైనా ఒరిగేదుందా?

బ్రెజిల్‌లో తిరిగేవి ఆ పెట్రోలు కోసమే తయారైన బండ్లు. మన దగ్గర పెట్రోలు మారింది, చాలా ఇళ్లలో బండి మాత్రం పాతదే.

వాళ్లకూ అది తేరగా రాలేదు. 1975 నవంబరులో పెట్రోలు బదులు చెరకు ఆల్కహాల్ వాడే ప్రోఆల్కూల్ పథకం మొదలుపెట్టారు. 1979లో పూర్తిగా ఆల్కహాల్‌తో నడిచే ఫియట్ 147 అమ్మకానికి వచ్చింది. జింకు మిశ్రమంతో పోతపోసిన కార్బొరేటర్లను ఆల్కహాల్ తినేస్తుంటే నికెల్ పూత వేశారు. చలి పొద్దుల్లో స్టార్టు కావడానికి బానెట్ కింద చిన్న పెట్రోలు డబ్బా పెట్టారు. 80ల మధ్యకల్లా కొత్త కార్లలో పదింట తొమ్మిది ఆల్కహాల్‌వే. అప్పుడు వచ్చింది 1989. అప్పటికే చమురు చవకైంది, చక్కెరకు ధర లేచింది, మిల్లులు చెరకును చక్కెరకే మళ్లించాయి. బంకుల్లో ఆల్కహాల్ నిండుకుంది. ఇంకేదీ పోయడానికి వీల్లేని కార్లు బంకుల ముందు బారులు తీరాయి. అంత చెరకు పండే దేశం చివరికి మిథనాల్ అనే మరో రకం ఆల్కహాల్ దిగుమతి చేసుకుని, 60 పాళ్లు ఇథనాల్, 33 పాళ్లు మిథనాల్, 7 పాళ్లు పెట్రోలు కలిపి అమ్మింది. జనం ఆల్కహాల్ కారంటేనే దణ్ణం పెట్టేశారు. మళ్లీ నమ్మకం కుదిరింది 2003లో, ఏది పోసినా నడిచే ఫోక్స్‌వ్యాగన్ గోల్ వచ్చాకే. పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్‌ను బట్టి ట్యాంకులో ఏది ఎంతుందో దాని కంప్యూటరే లెక్కగడుతుంది. బంకులో రెండూ దొరుకుతాయి. ఇథనాల్ ధర పెట్రోలు ధరలో 70 శాతం దాటితే పెట్రోలే పోయించుకోవాలన్నది అక్కడివాళ్లకు నోటిలెక్క.

మన బండి సంగతికొద్దాం. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే ఇథనాల్‌లో 21. అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన ఇ20లో శక్తి అసలు పెట్రోలు కంటే 7 శాతం, 10 శాతం కలిపిన ఇ10 కంటే అందులో సగం తగ్గుతుంది. మైలేజీ అంతకుమించి పడిపోతే తప్పు వేరేచోట వెతకాలి.

ఒక పాలు పెట్రోలు మండాలంటే బరువు లెక్కన గాలి 14.7 పాళ్లు కావాలి, ఇ20కి 13.5 చాలు. 2020 తర్వాతి బీఎస్6 ఇంజెక్షన్ బండి సెన్సర్‌తో సర్దుకుంటుంది. కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు. గాలికి తగ్గ ఇంధనం అందక ప్లగ్గు తెల్లబడుతుంది, పికప్‌లో తడబడుతుంది, ఇంజను వేడెక్కుతుంది. ఇ10కి సరిపోయిన 100 నంబరు మెయిన్ జెట్ (కార్బొరేటర్‌లో పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రమున్న ముక్క) స్థానంలో 102 వేస్తే సరి. జెట్‌ను డ్రిల్‌తో పెద్దది చేయనివ్వకండి, ప్లగ్గు నల్లబడి కొత్త తంటా మొదలవుతుంది. ఉబ్బి మెత్తబడిన పెట్రోలు పైపులు, ఓరింగులు తీసేసి ఇథనాల్‌కు తట్టుకునే విటాన్ రబ్బరువి వేయించండి. ట్యాంకు గోడలకు అంటుకున్న పాత మడ్డిని ఇథనాల్ ఊడదీస్తుంది కాబట్టి రెండు మూడు ట్యాంకులు తిరిగాక ఫిల్టరు మార్చాలి.

అసలు శత్రువు నీళ్లు. చాలా బైకుల ట్యాంకు మూత దగ్గర వాననీరు పోయే సన్నని రంధ్రం ఉంటుంది. అది మూసుకుపోతే నీళ్లు ట్యాంకులోకే దిగుతాయి. ఇథనాల్ ఆ నీటిని పట్టుకుని పెట్రోలును వదిలేసి అడుగుకు చేరుతుంది, ఇంజనుకు ముందు వెళ్లేది ఆ అడుగుదే. కార్బొరేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నె, అంటే ఫ్లోట్ బౌల్, కింది స్క్రూ వదులు చేసి గాజుసీసాలోకి పట్టి పది నిమిషాలు ఆగండి. రెండు పొరలు కనిపిస్తే ట్యాంకు మొత్తం ఖాళీ చేయాల్సిందే. పైన కొత్త పెట్రోలు పోస్తే అడుగు పొర పోదు. నెలకు మించి బండి నిలపాలంటే ట్యాంకు నింపి నిలపండి.

ఇక గ్లోబల్ బయోఫ్యూయల్స్ అలయన్స్, అంటే జీవ ఇంధనాల వాడకం పెంచాలని దేశాలు కట్టిన కూటమి. 2023 సెప్టెంబరు 9న ఢిల్లీ జీ20లో భారత్, బ్రెజిల్, అమెరికా వగైరా కలిసి ప్రకటించాయి. మంచిదే. కానీ బ్రెజిల్ దగ్గర నేర్చుకోవాల్సింది బంకులో రెండు నాజిళ్లు పెట్టడం. పాత బండివాడికి ఇ10 దొరకాలి, ఇ20 పోయించుకునేవాడికి తగ్గిన శక్తి మేరకు ధర తగ్గాలి. 1989 కూడా గుర్తుండాలి. చక్కెర తగ్గుతుందని 2023 డిసెంబరులో కేంద్రం చెరకు రసంతో ఇథనాల్ తీయడాన్ని కట్టడి చేస్తే డిస్టిలరీలు మొక్కజొన్న మీద పడ్డాయి, ఆ భారం కోళ్లఫారాలవాళ్ల దాణా మీదకొచ్చింది.

మీ పెట్రోలులో ఇథనాల్ ఎంతుందో మీరే చూసుకోవచ్చు. 100 మిల్లీలీటర్ల కొలగొట్టంలో 50 నీళ్లు, 50 పెట్రోలు పోసి, మూతి మూసి బాగా కుదిపి, మధ్యలో ఒకటి రెండుసార్లు మూత తెరిచి ఆవిరి వదలండి. పొయ్యికి దూరంగా, ఆరుబయట చేయండి. తేరుకున్నాక అడుగు పొర 60 గీత దగ్గర నిలిస్తే సుమారు 20 శాతం. 60 దాటి బాగా పైకి పోతే ఆ బంకులోనే ఫిర్యాదు పుస్తకం అడిగి, బిల్లు నంబరు వేసి రాయండి.