డాక్టర్ సలహా: కాచిన నీళ్లు, బేస్‌మెంటు గాలి... అమెరికాలో మా అమ్మాయి ఇల్లు క్షేమమేనా?

ప్రశ్న: మాది నల్గొండ. మా అమ్మాయి, అల్లుడు అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒక చిన్న ఊరి శివార్లలో ఈ మధ్యే ఇల్లు కొన్నారు. నీళ్లకు సొంత బోరే ఆధారం. ఇంటి తనిఖీలో బేస్‌మెంటు గాలిలో రేడాన్ 8.6, నీటిలో నైట్రేట్ 14 అని తేలింది. అమ్మాయికి ఇప్పుడు ఏడో నెల. పురుడు పోయడానికి నేను, మావారు వచ్చే నెల వెళ్లి ఆరు నెలలు ఉంటాం. మాకు పడక బేస్‌మెంటు గదిలో ఏర్పాటు చేశారు. మావారికి 64 ఏళ్లు. ముప్పై ఏళ్లపాటు రోజుకో ప్యాకెట్ సిగరెట్లు తాగి, నాలుగేళ్ల క్రితం మానేశారు. రేడాన్ అంటే రేడియేషన్ అంటున్నారు. కడుపులోని బిడ్డకు ప్రమాదమా? నీళ్ల గురించి నాకు దిగులు లేదు. కాచి, చల్లార్చి, వడకట్టి ఇస్తాను.

జవాబు: అమ్మా, మీరు భయపడుతున్న విషయంలో బిడ్డకు ముప్పు చాలా తక్కువ. ధీమాగా ఉన్న విషయంలోనే ముప్పు ఎక్కువ. కాబట్టి ముందు నీళ్ల సంగతే చెబుతాను.

నీళ్లు కాస్తే క్రిములు చస్తాయి. నైట్రేట్ క్రిమి కాదు, నీటిలో కరిగి ఉన్న లవణం. అది ఆవిరైపోదు. చారు మరిగేకొద్దీ ఉప్పెక్కినట్లు, నీళ్లు కాచేకొద్దీ నైట్రేట్ చిక్కబడుతుంది. నల్గొండలో పుట్టి పెరిగిన మీకు ఫ్లోరైడ్ గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. కాస్తే ఫ్లోరైడ్ పోదని మీకు అనుభవమే. ఇదీ అంతే. గుడ్డతో వడకట్టినా, జగ్గులో పెట్టుకునే బొగ్గు ఫిల్టర్‌తో వడకట్టినా నైట్రేట్ ఆగదు, నీటితో పాటే మీ గ్లాసులోకి వస్తుంది.

అయోవా మొక్కజొన్న పొలాల రాష్ట్రం, పందుల పెంపకంలోనూ పెద్దది. ఎరువుల్లోని, పశువుల పేడలోని నత్రజని వర్షంతో భూమిలోకి ఇంకి, నైట్రేట్‌గా లోతు తక్కువ బావుల్లోకి చేరుతుంది. బావి నీళ్లతో పాలపొడి కలిపి పట్టిన పసిపిల్లలు నీలంగా మారుతున్నారని వైద్యలోకానికి మొదటగా తెలియజేసింది అయోవా వైద్యుడే. 1945లో హంటర్ కామ్లీ ఈ సంగతి రాశారు. పసికందు కడుపులో ఆమ్లం తక్కువగా ఉంటుంది. అక్కడి బ్యాక్టీరియా నైట్రేట్‌ను నైట్రైట్‌గా మారుస్తుంది. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని స్థితికి తెస్తుంది. ఆరు నెలల లోపు పిల్లలకు ఈ ముప్పు ఎక్కువ. పెదవులు, గోళ్లు నీలి బూడిద రంగుకు తిరిగితే ఇంటి వైద్యం ఆలోచించకుండా అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయాలి.

రిపోర్టులోని అంకె విషయంలో ఒక పొరపాటుకు ఆస్కారం ఉంది. మన దేశంలో నైట్రేట్ పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు. అది చూసి 14 తక్కువే కదా అనుకోకండి. అమెరికాలో నైట్రేట్‌లోని నత్రజనిని మాత్రమే లెక్కిస్తారు. ఆ లెక్కలో పరిమితి 10. అమ్మాయి ఇంటి 14ను మన లెక్కలోకి మారిస్తే సుమారు 62 అవుతుంది.

ఈరోజే అమ్మాయికి ఫోన్ చేయండి. తాగడానికీ వంటకూ బోరు నీళ్లు ఆపి, ప్యాకేజ్డ్ నీళ్లు వాడమనండి. అన్నం, పప్పు ఉడికేటప్పుడు నీటిని తమలోకి పీల్చుకుంటాయి కాబట్టి వంటను మరచిపోకూడదు. వంటింటి సింకు కింద ఆర్‌ఓ యంత్రం బిగిస్తే నైట్రేట్ తగ్గుతుంది. అయితే బిగించాక ఆ నీటిని మళ్లీ పరీక్షకు పంపి, అంకె 10 లోపు వచ్చిందని చూసుకున్నాకే నమ్మాలి. స్నానానికి, బట్టలకు బోరు నీళ్లు నిశ్చింతగా వాడుకోవచ్చు. నైట్రేట్ చర్మం గుండా ఒంట్లోకి పోదు.

బిడ్డ పుట్టాక తల్లిపాలే పట్టండి. తల్లి తాగే నీటిలోని నైట్రేట్ పాలలోకి పెద్దగా చేరదు. ఇక మీరు కాస్త నొచ్చుకున్నా సరే, ఈ మాట చెప్పి తీరాలి. గొంతు తడపడానికని చెంచాడు కాచిన నీళ్లు, తేనె నాకించడం, ఉగ్గు పెట్టడం లాంటివి ఆరు నెలల దాకా ఏవీ వద్దు. తేనె అయితే ఏడాది నిండేదాకా అసలు వద్దు. పాలపొడి తప్పనిసరైతే ఆర్‌ఓ నీళ్లతోనో ప్యాకేజ్డ్ నీళ్లతోనో కలపండి.

అమెరికాలో 1974 నాటి తాగునీటి చట్టం ప్రజలకు నీరు సరఫరా చేసే వ్యవస్థలకే వర్తిస్తుంది. సొంత బోరు నీటి బాధ్యత ఇంటి యజమానిదే. ఏటా ఒకసారి కోలిఫాం బ్యాక్టీరియాకు, నైట్రేట్‌కు పరీక్ష చేయించాలి. ఆ ఊరి కౌంటీ ఆరోగ్య కార్యాలయాన్ని అడిగితే పరీక్ష ఎలా చేయించాలో చెబుతారు.

ఇక రేడాన్. భూమిలోని యురేనియం క్రమంగా క్షీణించి రేడియంగా, ఆ రేడియం రేడాన్ వాయువుగా మారుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అయోవా నేలలో పూర్వం హిమానీనదాలు నూరి పరిచిన రాతిపొడి ఉంది, అందులో యురేనియం, రేడియం ఉంటాయి, అందుకే అక్కడ రేడాన్ ఎక్కువ. ఆ రాష్ట్రంలోని 99 కౌంటీలనూ అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అత్యధిక రేడాన్ ప్రాంతాల జాబితాలో చేర్చింది. చలికాలంలో ఇంట్లోని వెచ్చని గాలి పైకి పోతూ, కింది నుంచి నేలలోని గాలిని లాగుతుంది. బేస్‌మెంటు గచ్చు పగుళ్ల గుండా, అడుగున ఊరే నీటిని తోడేయడానికి గచ్చులో ఉంచే గుంత గుండా రేడాన్ లోపలికి వచ్చి, తలుపులు మూసిన ఇంట్లో పేరుకుంటుంది.

ఇళ్లలోని ఈ ముప్పు అందరి దృష్టికి ఎలా వచ్చిందో చెబుతాను. 1984లో పెన్సిల్వేనియాలోని లిమరిక్ అణువిద్యుత్ కేంద్రంలో స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు నడిచి వస్తే రేడియేషన్ అలారాలు మోగేవి. కేంద్రం అప్పటికింకా విద్యుత్ ఉత్పత్తే మొదలుపెట్టలేదు. ఆరా తీస్తే ఆ రేడియేషన్ ఆయన ఇంటి నుంచే వస్తోందని తేలింది. రేడాన్‌ను లీటరు గాలికి ఇన్ని పీకోక్యూరీలని (రేడియోధార్మికత కొలత) లెక్కిస్తారు. ఆ ఇంట్లో అది సుమారు 2,700 ఉంది. అమెరికాలో 4 గానీ అంతకు మించి గానీ ఉంటే మరమ్మతు చేయించుకోమంటారు. 2 నుంచి 4 మధ్య ఉన్నా ఆలోచించమంటారు. మీ అమ్మాయి ఇంట్లో 8.6 ఉంది. హడలిపోవాల్సింది కాదు, ఉపేక్షించాల్సిందీ కాదు.

కడుపులో బిడ్డ సంగతి అడిగారు. రేడాన్, దాని నుంచి పుట్టే పొలోనియం వదిలే ఆల్ఫా కణాలు కాగితాన్ని కూడా దాటలేవు. ఊపిరితో లోపలికి పోయి, ఊపిరితిత్తుల పొరల మీదే దెబ్బ తీస్తాయి. గర్భం దాకా చేరేది అత్యల్పం. అమ్మాయిని ఈ దిగులు పెట్టుకోవద్దనండి. రేడాన్ చేసే హాని ఊపిరితిత్తుల క్యాన్సర్, అదీ ఏళ్ల తరబడి పీల్చాక. దగ్గు, ఆయాసం లాంటి హెచ్చరికలేవీ ముందుగా ఉండవు. రక్తపరీక్షతోనూ తెలుసుకోలేం. పరీక్ష చేయాల్సింది ఇంటికే.

మీ కుటుంబంలో నేను ఎక్కువగా ఆలోచిస్తున్నది మీవారి గురించి. పొగ, రేడాన్ రెండూ కలిస్తే ముప్పు అనేక రెట్లవుతుంది. 8 పీకోక్యూరీల గాలిని జీవితాంతం పీల్చిన వెయ్యి మంది పొగతాగేవారిలో దాదాపు 120 మందికి ఊపిరితిత్తుల క్యాన్సర్ రావచ్చని, ఎన్నడూ తాగనివారిలో అది 15 మందికేనని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అంచనా. మానేసినవారు ఈ రెంటికీ మధ్యలో ఉంటారు. ఆరు నెలల్లోనే ఏదో అయిపోతుందని కాదు. కానీ ముప్పై ఏళ్ల పొగ చూసిన ఊపిరితిత్తులను తీసుకెళ్లి, ఇంట్లో అన్నిటికంటే రేడాన్ ఎక్కువుండే గదిలో రాత్రంతా పడుకోబెట్టడం దేనికి?

మరమ్మతు పెద్ద పనేమీ కాదు, సాధారణంగా ఒక్కరోజులో అయిపోతుంది. పెన్సిల్వేనియాలో మా తమ్ముడి ఇంట్లో దీన్ని దగ్గరగా చూశాను. బేస్‌మెంటు గచ్చుకు రంధ్రం చేసి, మోచేతి లావు తెల్లని ప్లాస్టిక్ గొట్టం దించారు. అది ఇంటి గోడ వెంట కప్పు దాటి పైకి పోతుంది. దానికి అమర్చిన ఫ్యాను రేయింబవళ్లు తిరుగుతూ, గచ్చు కింది గాలిని ఇంట్లోకి రానివ్వకుండా ఆకాశంలోకి పంపేస్తుంది. ఆ గొట్టానికి ‘యు’ ఆకారంలో సన్నని నాళం, అందులో ఎర్రని ద్రవం ఉంటాయి. రెండు వైపులా ద్రవం ఎత్తుల్లో తేడా ఉంటే ఫ్యాను గాలిని లాగుతున్నట్లు, సమానంగా ఉంటే ఆగిపోయినట్లు. మా మరదలు రోజూ వాషింగ్ మెషీన్ దగ్గరికి వెళ్తూ దాన్ని ఒకసారి చూసి పోతుంది. శిక్షణ, ధ్రువీకరణ ఉన్న రేడాన్ నిపుణులతోనే ఈ పని చేయించమనండి. కిటికీలు తెరిస్తే రేడాన్ అప్పటికి తగ్గినా, మూయగానే మళ్లీ చేరుతుంది. అయోవా చలిలో ఎన్నాళ్లు తెరిచి ఉంచుతారు?

ఫ్యాను బిగించాక ఒకరోజు ఆగి, నెల తిరగకుండా మళ్లీ పరీక్ష చేయాలి. పరీక్షకు 12 గంటల ముందు నుంచి, పరీక్ష ముగిసేదాకా కిటికీలన్నీ మూసి ఉంచాలి. పరీక్షకు వాడే, రేడాన్‌ను పట్టుకునే బొగ్గు డబ్బాను కనీసం 48 గంటలు ఉంచాలి. వంటింట్లో, స్నానాలగదిలో పెట్టకూడదు. మీరు అప్పటికి అక్కడుంటే, గాలి ఆడటం లేదని కిటికీ తీయాలనిపిస్తుంది. ఆ రెండు రోజులు ఓపిక పట్టండి.

బోరు నీటిలోనూ రేడాన్ ఉండవచ్చు. షవర్ విప్పినప్పుడు, గిన్నెలు కడిగేటప్పుడు అది గాలిలో కలుస్తుంది. అయితే లీటరు నీటిలో 10,000 పీకోక్యూరీలు ఉంటే గాలిలో పెరిగేది సుమారు 1 మాత్రమే. ముందు గచ్చు కింది దారి మూయించండి. అప్పటికీ అంకె దిగకపోతే నీటిని పరీక్షించవచ్చు.

మీవారిని ప్రయాణానికి ముందే ఇక్కడి శ్వాసకోశ నిపుణుడికి చూపించండి. 50 నుంచి 80 ఏళ్ల వయసులో ఉండి, రోజుకో ప్యాకెట్ చొప్పున కనీసం 20 ఏళ్లు తాగి, మానేసి 15 ఏళ్లు దాటనివారికి ఏటా తక్కువ మోతాదు సీటీ స్కాన్ చేయాలని అమెరికాలో సిఫారసు ఉంది. మీవారు ఆ పరిధిలోకే వస్తారు. మన దగ్గర పాత క్షయ మచ్చలు ఉన్నవారు ఎక్కువ. స్కాన్‌లో అవి గడ్డల్లా కనిపించి అనవసరంగా కంగారు పెడతాయి. గతంలో క్షయకు మందులు వాడి ఉంటే ఆ కాగితాలు, పాత ఎక్స్‌రేలు వెంట తీసుకెళ్లండి. సిగరెట్ మానేసి ఆయన ఎంతో మంచి పని చేశారు. నా మాటగా చెప్పండి.

గొట్టం బిగించి, రెండో పరీక్షలో అంకె 4 లోపు, వీలైతే 2 లోపు వచ్చేదాకా మీ ఇద్దరి పడక పైఅంతస్తులో వేయించండి. హాల్లో పరుపు పరిచినా పరవాలేదు.

- శ్వాసకోశ వ్యాధుల నిపుణుడు, హైదరాబాద్